చెన్నై ఎండకు పల్చటి రాగి అంబలి: పొద్దున్నే తాగేలా ఎలా చేయాలి

ఫిబ్రవరి దాటిందంటే చాలు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో, ఆఫీసు క్యాంటీన్లో నన్ను అందరూ అడిగేది ఒకటే. "పొద్దున బాటిల్లో ఆ బూడిదరంగు మజ్జిగ ఏంటండీ? ఎలా చేస్తారు?" అది మజ్జిగ కాదు, అంబలి. నిలబడి చెబితే తలూపి వెళ్తారు. నాలుగు రోజులకి మళ్లీ వచ్చి, "ఉండలు కట్టింది", "వాసనొచ్చింది", "గొంతు దిగలేదు" అంటారు. ఎదురింటి పిన్నిగారికి చెప్పిందే పీజీ పిల్లలకీ చెప్పి, వాళ్లకి చెప్పిందే ఊరినుంచి ఫోన్ చేసిన మరదలికీ చెప్పి విసుగొచ్చింది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

మాది మదనపల్లె పక్కన పల్లె. మా అమ్మ చేసే లెక్కలతోనే చెన్నైలో మొదటి రెండేళ్లు అంబలి చేశాను. సగంసార్లు పారబోశాను. మదనపల్లె ఎత్తు మీదున్న ఊరు, రాత్రిళ్లు చల్లబడుతుంది. అక్కడ రాత్రంతా నానబెట్టిన పిండి పొద్దుటికి కమ్మగా పులుస్తుంది. చెన్నైలో మేముండే వేళచ్చేరిలో మే నెలలో రాత్రి రెండింటికి కూడా వంటగదిలో ఉక్కపోతే. ఇక్కడ అదే పిండి తెల్లారేసరికి నురగలు కక్కుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన పద్ధతి తప్పని కాదు, అది వాళ్ల ఊరి వాతావరణానికి సరిపోయిన పద్ధతి. చెన్నైకి టైం మార్చుకోవాలి, నీళ్లు పెంచుకోవాలి. ఈ రెండూ పట్టుకుంటే మిగతాది సులువే.

నీళ్ల సంగతి నాకు నేర్పింది మా వీధి చివర వేపచెట్టు కింద కూళ్ (అంబలిని ఇక్కడివాళ్లు అలా అంటారు) బండి పెట్టుకునే ఆవిడ. ఒకరోజు నా బాటిల్ చూపించి, "ఇది ఎందుకక్కా గొంతు దిగట్లేదు?" అని వచ్చీరాని తమిళంలో అడిగాను. బాటిల్ తీసుకుని అటూఇటూ వంచింది. "తణ్ణి పత్తలే" అంది. నీళ్లు చాలలేదట. తర్వాత తన గిన్నె మూత తీసి చూపించింది. లోపల కూళ్ ముద్దలా ఉంది. అందులోంచి ఒక పిడికెడు చెంబులోకి తీసుకుని, దానికి మూడింతలు మజ్జిగ పోసి, ఉప్పేసి, చేత్తో పిసికి, చిన్న ఉల్లిపాయలు చిదిమి వేసి ఇచ్చింది. అప్పటిదాకా నేను ఆ ముద్దనే కాస్త జారుగా చేసి, అదే అంబలి అనుకుంటున్నాను. ముద్ద తింటే కడుపు నిండుతుంది, మంచిదే. కానీ దాహానికి తాగాలంటే మజ్జిగకన్నా ఒక పిసరు చిక్కగా ఉంటే చాలు.

ఏమేం కావాలి

ఈ కొలత సుమారు 5 గ్లాసులకు సరిపోతుంది. ఇద్దరు పొద్దున తలొక గ్లాసు తాగి, తలొక బాటిల్ పట్టుకెళ్లొచ్చు. గ్లాసు అంటే 250 మిల్లీలీటర్లు అనుకోండి.

- రాగి పిండి: 4 టేబుల్ స్పూన్లు, దాదాపు 40 గ్రాములు
- నానబెట్టడానికి నీళ్లు: అర గ్లాసు
- వండటానికి నీళ్లు: రెండున్నర గ్లాసులు
- పెరుగు: అర కప్పు. మరీ పుల్లటిది వద్దు, పిండి పులుపు ఎలాగూ ఉంటుంది
- మజ్జిగ చిలకడానికి నీళ్లు: ఒకటిన్నర గ్లాసు
- ఉప్పు: అర టీస్పూను, తలగొట్టి
- చిన్న ఉల్లిపాయలు నాలుగైదు, అల్లం చిన్న ముక్క, కరివేపాకు రెబ్బ. పచ్చిమిర్చి మీ ఇష్టం
- స్టీలు గిన్నె లేదా మట్టి కుండ, పల్చటి గుడ్డ, కవ్వం లేదా విస్క్

గిన్నె విషయంలో ఒక హెచ్చరిక. రాగి అంబలి కదా అని రాగి చెంబులో పోసేవాళ్లని నేను నిజంగా చూశాను. పేరు కలిసింది కానీ అది వేరే రాగి. పుల్లటి పదార్థం రాగి పాత్రలో, కళాయి లేని ఇత్తడి పాత్రలో ఉంటే లోహం అందులోకి దిగుతుంది. వికారం, వాంతులు అవుతాయి. అల్యూమినియం గిన్నె కూడా పులుపుకు మంచిది కాదు. స్టీలు, మట్టి, గాజు, ఈ మూడింట్లో ఏదైనా వాడండి.

పిండి కొనేటప్పుడు ఇక్కడి కొట్లలో "కేళ్వరగు మావు" అని అడగండి. రాగి అన్నా చాలామందికి అర్థమవుతుంది. తెలంగాణ వాళ్లు తైదలు అని, శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు చోళ్లు అని అడిగితే మాత్రం కొట్టువాడు బిత్తరపోతాడు. ప్యాకెట్ మీద మూడు విషయాలు చూసుకోండి. రాగి మాల్ట్ అని ఉంటే అందులో చక్కెర, పాలపొడి కలిసి ఉండొచ్చు, ఈ పనికి పనికిరాదు. మొలకెత్తిన రాగుల పిండి అయితే ఎంత ఉడికించినా చిక్కబడదు, నీళ్లలాగే ఉంటుంది. మొలకలో పుట్టే ఎంజైము పిండి పదార్థాన్ని విరగ్గొట్టేస్తుంది, తప్పు మీది కాదు. మూడోది తేదీ. పాత పిండికి పట్టిన చేదు పులుపులో కూడా దాగదు.

రాగులు కొని, కడిగి, బాగా ఎండబెట్టి, మిల్లులో ఆడించుకుంటే అన్నిటికన్నా రుచి. మిల్లువాడితో "మిరపకాయలు ఆడించిన వెంటనే నాది వేయొద్దు" అని చెప్పండి. నవ్వకండి, నాకు జరిగింది.

పిండి నానబెట్టడానికి, మజ్జిగకు తాగే నీళ్లే వాడండి. క్యాన్ నీళ్లయినా సరే, కాచి చల్లార్చినవైనా సరే. ఇక్కడి కుళాయికి వచ్చే మెట్రో వాటర్‌లో ఒక్కోరోజు క్లోరిన్ వాసన గట్టిగా కొడుతుంది. ఆ రోజు పిండి పులవడానికి మొండికేయొచ్చు, కాచి చల్లార్చి వాడండి. మా పక్క బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మీ బోరూ అలాంటిదైతే వాటితో చేసి ఉప్పెక్కువైందని నన్ననకండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఇది పది నిమిషాల డ్రింకు కాదు. చేతిపని మొత్తం అరగంటకు మించదు గానీ ఎదురుచూపు ఎక్కువ. ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదీ: ఆదివారం రాత్రి పదింటికి పిండి కలపండి, సోమవారం పొద్దున వాసన చూసి ఫ్రిజ్‌లో పెట్టండి, సాయంత్రం వచ్చాక వండండి, మంగళవారం పొద్దున మజ్జిగ కలిపి తాగండి. చదవడానికి పెద్ద తతంగంలా ఉంది గానీ, ఇడ్లీ పిండి రుబ్బుకునేవాళ్లకు ఇది ఏపాటి పని?

చేసే విధానం

1. పిండి కలపడం. గిన్నెలో పిండి వేసి, అర గ్లాసు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండలు లేకుండా కలపండి. దోసెపిండి కన్నా కాస్త జారుగా ఉండాలి. గిన్నెలో సగానికి మించి పిండి ఉండకూడదు, పొంగడానికి చోటు కావాలి. పైన పల్చటి గుడ్డ కట్టండి. బిగుతు మూత పెట్టొద్దు. మెతుకులంటిన చెయ్యి, తడి గరిటె తగలకుండా చూసుకోండి.

2. పులవనివ్వడం. చెన్నైలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా 6 నుంచి 8 గంటలు చాలు. కత్తిరి రోజుల్లో, అంటే దాదాపు మే 4 నుంచి 28 వరకు వచ్చే అగ్నినక్షత్రంలో, ఆరో గంటకే ఒకసారి చూడండి. డిసెంబరు, జనవరిలో 10 నుంచి 12 గంటలు పడుతుంది. ఈ అంకెలన్నీ అంచనాకే. అసలు గుర్తు వాసన. గుడ్డ తీయగానే ఇడ్లీపిండి వాసన లాంటి తేట పులుపు తగలాలి, పైన చిన్న చిన్న బుడగలుండాలి. పచ్చి పిండి వాసనే వస్తుంటే ఇంకో రెండు గంటలు ఆగండి. పిండి అడుక్కి దిగి, పైన నీళ్లు తేలితే కంగారు పడకండి, మామూలే. కలిపేస్తే సరి.

వాసన బాగుందనిపించగానే వండేయండి. అప్పుడు వండటం కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టేయండి. "ఇంకాస్త పులిస్తే మంచిదిలే" అని బయట వదిలేయకండి. ఒక మే నెలలో నేను పిండి కలిపి, ఊరికి ఫోన్లో మాట్లాడుతూ మర్చిపోయి పడుకుని, పొద్దున లేటై అలాగే ఆఫీసుకు వెళ్లిపోయాను. సాయంత్రానికి గట్టు మీద, స్టవ్ కింద, సిలిండర్ ట్యూబు పొడుగునా గోధుమరంగు నురగ. కల్లు దుకాణం వాసన. గట్టు తుడవడానికి పట్టిన టైంలో నాలుగుసార్లు అంబలి కాచుకోవచ్చు.

3. వండటం. రెండున్నర గ్లాసుల నీళ్లు మరగబెట్టండి. పులిసిన పిండిని ఇంకో పావు గ్లాసు చల్లటి నీళ్లతో పల్చన చేసుకుని, మంట తగ్గించి, ఒక చేత్తో సన్నటి ధారగా పోస్తూ రెండో చేత్తో ఆపకుండా తిప్పండి. చెయ్యి ఆగితే ఉండలు కడతాయి. పొడి పిండిని తిన్నగా వేడినీళ్లలో ఎప్పుడూ వేయొద్దు. ఉండ పైపొర వెంటనే ఉడికి గట్టిపడుతుంది, లోపల పచ్చిపిండి అలాగే ఉండిపోతుంది. దాన్ని ఎంత తిప్పినా విడిపోదు.

మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. మూడో నిమిషంలో ఒక్కసారిగా గరిటె బరువెక్కుతుంది. ఆ క్షణాన అడుగు నుంచి గీరుతూ తిప్పాలి, లేకపోతే అడుగంటుతుంది. రంగు బూడిద నుంచి ముదురు గోధుమకు మారి, పైన మెరుపు వస్తుంది. అప్పటినుంచి సన్నమంట మీద ఇంకో 6, 7 నిమిషాలు ఉడకనివ్వండి. మెరుపు రాగానే దింపేసేవాళ్లే ఎక్కువమంది. పొద్దున కడుపు ఉబ్బరం అంటూ ఫోన్ చేసేది కూడా వాళ్లే.

4. ఉడికిందో లేదో చూడటం. చల్లటి స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేసి, అర నిమిషం ఆగి, పళ్లెం వంచండి. చుక్క ఒక్కటిగా మెల్లగా జారాలి. చుట్టూ నీళ్లు విడిపోతుంటే ఉడకలేదు. నాలుక మీద వేసుకుంటే సున్నం పొడిలా తగలకూడదు.

5. చల్లార్చడం. గరిటెజారుగా ఉండగానే దింపండి. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది, అందుకని స్టవ్ మీద "పల్చగా ఉందే" అని కంగారుపడి పిండి కలపొద్దు. గిన్నెను వెడల్పాటి పళ్లెంలో చన్నీళ్లు పోసి అందులో పెడితే అరగంటలో చల్లారుతుంది. మధ్యమధ్య కలపండి, మీగడ కట్టకుండా ఉంటుంది.

6. రాత్రంతా ఉంచడం. ఇక్కడ నా మాటకీ పెద్దవాళ్ల మాటకీ పడదు. కుండలో బయట పెడితే చల్లగా ఉంటుంది, రుచి పెరుగుతుంది అంటారు. రుచి సంగతి ఒప్పుకుంటాను. కానీ కుండ చల్లబడాలంటే దాని ఒంటిమీద చెమ్మ ఆరాలి. చెన్నై గాలిలోనే తేమ నిండి ఉంటే కుండ చెమట ఎక్కడ ఆరుతుంది? మన చొక్కాలే ఆరవు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పిండి బాగా పులిసి ఉంటే, కుండలో బయట పెట్టండి. మార్చి నుంచి మాత్రం చల్లారగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. వండిన గంజి ఏదైనా ఉక్కపోతలో గంటల తరబడి ఉంటే పాడుచేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి. పులుపు వాటిని కొంతవరకే ఆపుతుంది. పులవని పిండితో చేసిన జావనైతే ఏ కాలంలోనూ రాత్రి బయట ఉంచొద్దు.

7. పొద్దున కలపడం. పెరుగుకు ఒకటిన్నర గ్లాసు నీళ్లు పోసి చిలకండి. అంబలిని ముందు ఒంటరిగా కవ్వంతో చిలికి మెత్తబరచండి, తర్వాత మజ్జిగను మూడు దఫాలుగా పోయండి. మొత్తం ఒకేసారి పోస్తే చిన్న చిన్న పలుకులు తేలుతాయి. ఉప్పు, దంచిన అల్లం, చిదిమిన ఉల్లిపాయలు, తుంచిన కరివేపాకు వేయండి. అంబలి వేడిగా ఉండగా మజ్జిగ పోయొద్దు, విరిగిపోతుంది. గిన్నె అడుగు అరచేత్తో హాయిగా పట్టుకోగలిగేంత చల్లారాలి.

8. చిక్కదనం సరిచూడటం. గాజు గ్లాసులో పోసి, ఒక పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టండి. గోడకు పల్చటి పొర మిగలాలి, దాని అవతల మీ వేళ్లు కనిపించాలి. వేళ్లు కనిపించకపోతే ఇంకో అర గ్లాసు నీళ్లు పోయండి. అనుమానంగా ఉంటే నీళ్ల వైపే మొగ్గండి.

లేవగానే ముందు కాసిని మామూలు మంచినీళ్లు, పావుగంట తర్వాత ఒక గ్లాసు అంబలి. ఇది మా ఇంటి లెక్క. పక్కన ఊరమిరపకాయ, ఇక్కడివాళ్ల మోర్ మిళగాయ్, ఒక్కటి వేయించుకుంటే అదో వైభోగం. అది ఉప్పుముద్ద అని గుర్తుంచుకుని, ఆ రోజు అంబలిలో ఉప్పు తగ్గించండి.

బాటిల్లో పట్టుకెళ్లేవాళ్లకు

పులిసిన పదార్థం బాటిల్లో కూడా పని చేస్తూనే ఉంటుంది. లోపల గాలి పుడుతుంది. ఒక ఏప్రిల్లో నిండా పోసి, మూత బిగించి, ఎంఆర్‌టీఎస్ రైలెక్కాను. కోటూరుపురం దాటాక దాహమేసి మూత తిప్పాను. బుస్సుమని పొంగి ఎదురు సీటాయన తెల్ల చొక్కా మీద పడింది. ఆయన పెద్దమనిషి, ఏమీ అనలేదు. చొక్కా వాసన చూసుకుని, "కూళా?" అని మాత్రం అడిగాడు. అప్పటినుంచి బాటిల్లో మూడొంతులే పోస్తాను, రెండు ఐసు ముక్కలు వేస్తాను, తాగేముందు మూత మెల్లగా సగం తిప్పి గాలి పోనిస్తాను. ఉల్లిపాయ బాటిల్లో వేయకండి, ఆఫీసులో మీ పక్క సీటువాళ్లు కూడా మనుషులే. బయట ఉంచితే మూడు గంటల్లోపు తాగేయండి. వెడల్పు మూతి ఉన్న స్టీలు బాటిల్ కొనుక్కోండి, సన్నమూతి బాటిల్లో అడుగున అంటిన పిండి ఏ బ్రష్‌కూ అందదు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

చిక్కగా చేసుకోవడం గురించి ఇంక చెప్పను. దాని తర్వాతది బెల్లం. "పొద్దున్నే ఎనర్జీ కావాలి" అని పులిసిన అంబలిలో బెల్లం, పైనుంచి పాలు పోస్తారు. పాలు విరుగుతాయి, రుచి రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. తీపి కావాలంటే పులవబెట్టని పిండితో అప్పటికప్పుడు జావ కాచి బెల్లం వేసుకోండి. పిల్లలకు అదే నచ్చుతుంది. అది టిఫిన్ కిందికి వస్తుంది, దాహానికి కాదు.

ఉప్పు రెండోవైపు పొరపాటు. చెమటలో ఉప్పు పోతుంది కదా అని స్పూన్లకొద్దీ వేసేవాళ్లున్నారు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే సుమారు ఒక టీస్పూను. సాంబారు, పచ్చడి, చిప్సు అన్నీ కలిపి మనం దాన్ని మధ్యాహ్నానికే దాటేస్తాం. నేను చెప్పిన అర టీస్పూను ఐదు గ్లాసులకు. చప్పగా అనిపిస్తే నిమ్మరసం పిండండి.

ఇంకొకటి, పొద్దున ఒక గ్లాసు తాగాం కదా అని సాయంత్రం దాకా నీళ్లు ముట్టకపోవడం. అంబలి ఆ రోజుకి మొదటి విడత మాత్రమే. పని చేస్తోందో లేదో మధ్యాహ్నం బాత్రూంలో తెలుస్తుంది. మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు. ముదురు పసుపు, వాసన ఉంటే ఇంకా తాగాలి. బి కాంప్లెక్స్ మాత్రలు వేసుకునే రోజుల్లో ఈ గుర్తు నమ్మకండి, ఎన్ని నీళ్లు తాగినా ముదురు పసుపుగానే ఉంటుంది.

పారబోయాల్సినవి ఇవి: పైన నల్లగా, ఆకుపచ్చగా, గులాబీరంగుగా బూజు కనిపించినా, గరిటెతో ఎత్తితే జిగటగా తీగలు సాగినా, కుళ్లు వాసన వచ్చినా. బూజు తీసేసి మిగతాది వాడదామనే పొదుపు ఇక్కడ వద్దు. నాలుగు స్పూన్ల పిండి ఖరీదెంత చెప్పండి. అతిగా పుల్లబడి, మరే తేడా లేకపోతే మాత్రం పారబోయక్కర్లేదు. పైన తేరిన నీళ్లు వంచేసి, కొత్త నీళ్లు పోసి వండుకోండి.

టైం లేదు, పెరుగు లేదు, రాగి నచ్చదు

పెరుగు పడనివాళ్లు చల్లారిన అంబలిలో మజ్జిగ బదులు రెండు గ్లాసుల నీళ్లు, ఒక నిమ్మకాయ రసం కలుపుకోండి. మామిడికాయల రోజుల్లో నిమ్మకు బదులు పచ్చిమామిడి తురుము వేస్తే, నా మటుకు నాకు మజ్జిగ కన్నా అదే ఇష్టం.

రాగి పడకపోతే సజ్జపిండితో ఇదే పద్ధతి. ఇక్కడ కంబు అంటారు. సజ్జపిండి తొందరగా చేదెక్కుతుంది కాబట్టి వారానికి సరిపడా మాత్రమే కొనండి.

పీజీల్లో ఉండే పిల్లలకు, స్టవ్ లేకపోతే, చద్దన్నం నీళ్లు దారి చూపిస్తాయి. రాత్రి మిగిలిన అన్నం గిన్నెలో వేసి, మునిగిపైన రెండు వేళ్ల ఎత్తు తాగే నీళ్లు పోసి, గుడ్డ కట్టండి. వండి ఎప్పుడనగానో అయిన అన్నం వద్దు, ఆ రాత్రి వండినదే. పొద్దున ఆ నీళ్లు వంచి, కాస్త మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ వేసుకుని తాగి, అన్నం టిఫిన్‌గా తినేయండి. తమిళులు ఆ నీళ్లను నీరాగారం అంటారు. ఎండాకాలంలో ఆరేడు గంటలు దాటనివ్వకండి. అదీ కుదరకపోతే అంబలి మాట మర్చిపోయి పల్చటి ఉప్పుమజ్జిగ తాగండి. రెండు నిమిషాల పని, అందులో నామోషీ ఏమీ లేదు.

ఎవరు ఆలోచించి తాగాలి

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, నీళ్లు కొలిచి తాగమని డాక్టర్ చెప్పినవాళ్లు ముందు ఆ డాక్టర్‌ని అడగాలి. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు లేకుండా నిమ్మరసంతో తాగొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు రాగి మంచిదని గ్లాసులకు గ్లాసులు తాగించేస్తారు. రాగి కూడా పిండిపదార్థమే. మెత్తగా ఆడించి, ఉడికించి, పల్చన చేసినది ఇంకా తొందరగా అరుగుతుంది. ఒక గ్లాసు తాగి, రెండు గంటల తర్వాత మీటర్‌లో చూసుకుని మీరే తేల్చుకోండి.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు పరగడుపున అంబలితో మొదలుపెట్టొద్దు. మాత్ర నీళ్లతో వేసుకుని, కనీసం గంట ఆగండి. రాగుల్లో కాల్షియం ఎక్కువ, 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. పెరుగులోనూ ఉంటుంది. కాల్షియం ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు.

విరేచనాలు, వాంతులు అవుతున్నప్పుడు ఇది మందు కాదు. మందుల షాపులో ఓఆర్ఎస్ ప్యాకెట్ తెచ్చి, దానిమీద రాసినన్ని నీళ్లలో కలిపి తాగించండి. ప్యాకెట్ దొరికేలోపు లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి. ఎండకు పడిపోయి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతున్న మనిషి నోట్లో అంబలి గానీ మరేదైనా గానీ పోయకండి. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు చల్లి, 108కి ఫోన్ చేయండి.

మిగిలింది, మళ్లీ చేసేది

మజ్జిగ కలిపింది ఆ పూటకే. కలపని అంబలి ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు నీళ్లు విడిచి గరగరలాడుతుంది. అందుకే ఐదు గ్లాసులకు మించి ఒకేసారి చేయొద్దంటాను.

రోజూ చేసుకునేవాళ్లకు ఒక కిటుకు. వండేముందు పులిసిన పచ్చిపిండిలోంచి రెండు స్పూన్లు తీసి, చిన్న డబ్బాలో ఫ్రిజ్‌లో దాచండి. తర్వాతిసారి పిండి కలిపేటప్పుడు తోడులా వేస్తే వేసవిలో ఐదు గంటల్లోనే పులుస్తుంది, ప్రతిసారీ పులుపు కూడా ఒకేలా ఉంటుంది. నాలుగైదు రోజులకు మించి దాచకండి. డబ్బా మీద మాత్రం ఏదో ఒకటి రాసి పెట్టుకోండి. మా ఇంట్లో ఒకరు దాన్ని చట్నీ అనుకుని ఇడ్లీలో నంజుకున్నారు.